కుండలోని చీటి, యంత్రములోని అంకె

తడకు తూర్పున పులికాటు సరస్సు పరచుకొనియున్నది. ఆ గట్టుల మీద ఆరవేసిన వలలను చూడనివారు ఈ సీమలో అరుదు. వలయనగా ముడులు, ముడికిని ముడికిని నడుమ దారము, నాలుగు దారముల నడుమ ఒక కన్ను. అణుగర్భమును గూర్చి గత అర్ధశతాబ్దమున శాస్త్రజ్ఞులు చేసిన లెక్కలలో మిక్కిలి బరువైనది ఇట్టి వల మీదనే సాగినది. ఆ లెక్కకును, నేడు మన ఇంటి సొమ్మును కాచుచున్న కంప్యూటరు తాళములకును ఆధారమైన వస్తువు ఒక్కటే. అది యాదృచ్ఛిక సంఖ్య. అనగా, ఇది వచ్చునని ముందుగా ఎవరును చెప్పజాలని అంకె. దాని చరిత్రను కొంత తెలిసికొందము.

అట్టి అంకెతో మనవారికి పని పడుట కొత్త కాదు. తడకు దక్షిణమున, కాంచీపురము దాపున ఉత్తరమేరూరు అను గ్రామము కలదు. మొదటి పరాంతక చోళుని కాలమున, 919, 921 సంవత్సరములలో చెక్కించిన శాసనములు అచట ఉన్నవి. గ్రామసభ పనులకు మనుష్యులను ఏర్పరచుటకై అర్హుల పేర్లను చీటులపై వ్రాసి, కుండలో వేసి, సభవారందఱు చూచుచుండగా, లోపలి సంగతి ఎఱుగని బాలునిచేత చీటి తీయింపవలెనని అందు విధించిరి. కుండను అందఱును చూడవలెను. తీయు చేతికి ఏమియు తెలియరాదు. ఈ రెండు నియమములను మనసున ఉంచుకొని ముందునకు సాగుదము.

1927లో ఆంగ్ల గణాంక శాస్త్రజ్ఞుడు టిప్పెట్ 41,600 యాదృచ్ఛికాంకెల పట్టికను ప్రకటించిరి. 1946లో అమెరికాలో జబ్బునుండి కోలుకొనుచున్న గణితవేత్త స్టానిస్లా ఉలాం, కాలక్షేపమునకు ఒంటరిగా పేకలాడుచు, గెలుపు అవకాశమును సూత్రముతో రాబట్టుటకంటె ఆటను నూరు మారులాడి గెలుపులను లెక్కించుట సులభము కదా యని తలచిరి. జాన్ వాన్ నాయ్‌మన్ ఆ ఊహను ఎలక్ట్రానిక్ గణనయంత్రములకు అన్వయించిరి. జూదమునకు ప్రసిద్ధికెక్కిన మాంటీ కార్లో పట్టణము పేరు ఆ పద్ధతికి స్థిరపడినది.

కాని యంత్రము చెప్పినది చెప్పినట్లు చేయునదే గాని పాచికలు వేయనేరదు. కావున ఒక తొలి సంఖ్యను తీసికొని, నిర్ణీత సూత్రము ప్రకారము దానినుండి తరువాతి సంఖ్యను, దానినుండి మఱియొకదానిని పుట్టింతురు. ఆ తొలి సంఖ్యకు విత్తనమని పేరు. వరుసగా వచ్చు సంఖ్యలు చూచుటకు క్రమము లేనట్లే ఉండును. నిజమునకు అంతయు క్రమమే.

ఇక అణుగర్భపు వలను చూతము. ప్రోటానులో క్వార్కులను సూక్ష్మకణములు కలవు. అవి దగ్గరగా ఉన్నపుడు వాని నడుమ బలము సన్నగిల్లునని 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. దూరమగుకొలది ఆ బలము సడలక వానిని విడిపోనీయదు. అచట కాగితము మీది లెక్కలు సాగవు. 1974లో కెన్నెత్ విల్సన్ స్థలకాలములను కలిపి నాలుగు దిశల వలగా భావించి మార్గము చూపిరి. ముడులయందు క్వార్కులు, దారములయందు వానిని బంధించు బలక్షేత్రము ఉండును. ఒక్కొక్క దారపు విలువను కొంచెము మార్చి చూతురు. మార్పు అనుకూలమైనచో ఉంచుకొందురు. ప్రతికూలమైనచో యాదృచ్ఛిక సంఖ్యను అడిగి, అది ఒప్పుకొన్నపుడే ఉంచుకొందురు. ఇట్లు ఎన్నో వలలను అల్లి సగటు తీయుదురు.

1980లో మైకేల్ క్రాయిట్జ్ ప్రకటించిన లెక్కలలో దిశకు పదేసి ముడులు గల వల ఉన్నది. అనగా 10,000 ముడులు, 40,000 దారములు. 2008 నాటికి ఐరోపా శాస్త్రజ్ఞుల బృందమొకటి ప్రోటాను మొదలైన కణముల బరువులను కొలది శాతము తేడాతో రాబట్టగలిగినది. మన దేహపు బరువులో అధికభాగము క్వార్కుల సొంత బరువు కాదు. వాని బంధమునందలి శక్తియే.

తడనుండి గంటల ప్రయాణముగల చెన్నపట్టణమునను ఈ వల అల్లిరి. నెల్లూరు సీమలో జన్మించి, రాజ్యాంగ ముసాయిదా సంఘమున సభ్యులైన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారి కుమారులు అల్లాడి రామకృష్ణన్ 1962 జనవరి 3న అచట గణితశాస్త్ర సంస్థను నెలకొల్పిరి. 2004లో ఎన్. డి. హరిదాస్ ప్రభృతులు ఆ సంస్థలో 144 కంప్యూటర్లను ఒక్కటిగా జోడించి, హిమాలయ శిఖరము పేర దానికి కబ్రూ అని పేరిడిరి. సెకనుకు లక్షకోట్ల గణనలు చేయగల ఆ యంత్రసముదాయమునకు ముఖ్యమైన పని ఈ వల లెక్కయే.

అయితే లెక్క ఎంత పెద్దదైనను అంకె కల్తీయైనచో ఫలము కల్తీయే. 1992లో ఫెరెన్‌బర్గ్, లాండౌ, వాంగ్ అనువారు ఒక అయస్కాంతపు నమూనాను పరీక్షించిరి. దానికి 1944లోనే ఆన్సాగర్ కచ్చితమైన జవాబు రాబట్టియుండిరి. ఉత్తమమని పేరుపొందిన సూత్రముతో పుట్టిన అంకెలు తప్పు జవాబునిచ్చినవి. నాసియని తలపబడిన పాత సూత్రము సరియైన దానికి చేరువగా వచ్చినది. జవాబు ముందే తెలిసియుండుటచే తప్పు దొరికినది. ప్రోటానుకు అట్టి జవాబు ఏ పుస్తకమున ఉన్నది? 1994లో మార్టిన్ లూషర్ ఈ వల లెక్కలకొఱకే ఒక సూత్రమును సిద్ధపరచిరి. పుట్టిన సంఖ్యలలో పెక్కింటిని పారవేసి, మునుపటి సంఖ్యల వాసన తరువాతి వానికి సోకకుండ చేయుట అందలి కిటుకు.

తాళముల కథయు ఇట్టిదే. మన ఫోనుకును బ్యాంకుకును నడుమ నడచు మాట ఇతరులకు తెలియకుండుటకు అప్పటికప్పుడు ఒక రహస్యసంఖ్య తాళపుచెవిగా పుట్టవలెను. అది 39 అంకెలంత పెద్దదైనచో ఊహించుట అసాధ్యము. కాని 1995లో గోల్డ్‌బర్గ్, వాగ్నర్ అను విద్యార్థులు నెట్‌స్కేప్ వీక్షణి తన విత్తనమును గడియారపు వేళనుండియు, ఊహింపదగిన కొన్ని సంఖ్యలనుండియు తీయుచున్నదని కనుగొనిరి. వేళ తెలిసినవానికి తాళము తెఱచుట సులభమైనది. డెబియన్ అను వ్యవస్థలో 2006లో జరిగిన ఒక సవరణ వలన ఒక్కొక్క రకపు తాళపుచెవి 32,768 విధములకే పరిమితమైనది. ఈ సంగతి 2008 మే నెలలో గాని బయటపడలేదు. అంతవరకు తాళములు చూపులకు దృఢముగనే ఉన్నవి.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. శాస్త్రజ్ఞుడు తన విత్తనమును వ్రాసియుంచుకొనును. మఱియొకరు అదే విత్తనముతో అదే లెక్కను మరల చేసి తప్పొప్పులు చూడవలెను గదా! తాళము చేయువానికి విత్తనము ఎవరికిని దొరకరాదు. జపానువారు మత్సుమోతో, నిషిమురా 1998లో ప్రకటించిన సూత్రము లెక్కలకు ఎంతయో పేరుపొందినది. కాని వరుసగా 624 సంఖ్యలను చూచినవాడు తరువాతి వాని నన్నింటిని చెప్పగలడు. లెక్కకు తగిన అంకె తాళమునకు తగకపోవచ్చును.

ఈ విద్య నేడు మన ముంగిటికే వచ్చినది. తడ చెంత శ్రీసిటీలో 2013లో భారతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ వెలసినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, గణాంక శాస్త్రమున విశ్వఖ్యాతినందిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారి పేర హైదరాబాదున ఉన్న సంస్థలో గుప్తలిపి శాస్త్రము ఒక పరిశోధనాంశము.

అచట చదువు యువకులకు మేము చెప్పదలచినది ఉత్తరమేరూరు సభవారు వేయేండ్ల క్రిందట చెప్పినదే. సూత్రమును దాచవద్దు, పదిమంది పరీక్షింపనిండు. దాచవలసినది విత్తనమును మాత్రమే. కుండ సభ నడుమ ఉండవలెను. అందు చేయిపెట్టు బాలునకు లోపలి సంగతి తెలియరాదు.