వస్తువులు మిగిలాయి, ఇల్లు లేదు

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టడం కోసం చిన్నప్పుడు నేనూ ఎదురుచూశాను. అదంతా ఒకప్పుడు ఒక మనిషి ఇంటి సామాను అని మాత్రం తట్టలేదు.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1914లో దివాన్ పదవి వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయేదాకా కొంటూనే ఉన్నాడు: చైనా పింగాణీ, పచ్చరాతి పిడుల బాకులు, దంతపు కుర్చీలు, పారశీక తివాచీలు. మనం ఇవాళ మాక్సిమలిజం అంటున్నది ఆయనకు మామూలు కాపురం.

1951లో నెహ్రూ ప్రారంభించిన మ్యూజియం ఆయన ఇల్లే, దివాన్ దేవిడీ. 1968లో సామానంతా మూసీ ఒడ్డు భవనానికి చేరింది. గడియారాలు ఒక గదికి, గాజు ఇంకో గదికి. వస్తువులు భద్రంగానే ఉన్నాయి. కానీ ఏ కుర్చీ పక్కన ఏ దీపం పెట్టుకున్నాడో ఇక తెలీదు.

లండన్‌లో జాన్ సోన్ అనే ఆర్కిటెక్ట్‌దీ ఇదే పిచ్చి. నేలమాళిగలో ఈజిప్టు రాజు సేతి రాతి శవపేటిక కూడా పెట్టుకున్నాడు. అయితే 1833లోనే పార్లమెంటు చేత చట్టం చేయించుకున్నాడు, తన తర్వాత ఇంటిని ఉన్నదున్నట్టు ఉంచాలని. అలాగే ఉంది.

మొన్న దేవిడీ వెతుక్కుంటూ వెళ్లాను. కమాన్లు కనిపించాయి. కింద నుంచి ఆటోలు పోతున్నాయి.