శ్రుతి, మేళం, జారు: సంగీతం క్లాసులో వల్లె వేసే మాటల వెనక కథ

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉంటుంది. మొదటి రెండు పేజీల్లో శ్రుతి, స్వరం, స్థాయి, ఆరోహణ, అవరోహణ, లయ, తాళం, మేళకర్త, జన్యం అంటూ నిర్వచనాలు. పిల్లలు వాటిని ఎక్కాల్లా వల్లె వేస్తారు. "మేళకర్తలు ఎన్ని?" అంటే "72" అని ఠక్కున చెప్తారు. 71 ఎందుకు కాదు అని మాత్రం అడక్కండి. మన ఐటీ జనాల పిల్లలు చాలామంది ఇప్పుడు జూమ్‌లో నేర్చుకుంటున్నారు, అక్కడా ఇదే వరస. నాకైతే ఇది కామెంట్లు లేని కోడ్‌ని కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చి "చదువుకో" అన్నట్టు ఉంటుంది.

నేను పెరిగింది రామగుండం పక్కన బసంత్‌నగర్‌లో, సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో. ఒకవైపు ఎన్టీపీసీ పొగగొట్టాలు, ఇంకోవైపు గోదావరిఖని బొగ్గుబావులు. ఎక్కడెక్కడినుంచో వచ్చిన జనం. గుడిలో భజన మొదలవ్వాలంటే ముందు శ్రుతి దగ్గరే పేచీ వచ్చేది. హార్మోనియం పెద్దాయన "కాలీ దో" అనేవాడు. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పక్క క్వార్టర్ అత్తయ్యగారు "రెండున్నర శ్రుతి" అనేవారు. కేసియో కీబోర్డు ఉన్న కుర్రాడు "డీ షార్ప్" అనేవాడు. ముగ్గురూ చూపించేది ఒకే నల్ల మెట్టు! తెల్ల మెట్లకి ఒకటి, రెండు, మూడు అని అంకెలేసి, నడుమ నల్లదాన్ని "న్నర" అనడం మన పద్ధతి. నల్లమెట్లని విడిగా లెక్కపెట్టడం హిందుస్తానీ వాళ్ళ పద్ధతి. నిజాం రాజ్యంలో భాగంగా ఉన్న ప్రాంతం కదా, మా వైపు హార్మోనియం హిందీలోనే మాట్లాడేది.

ఈ మాటలన్నీ తంజావూరులోనో మద్రాసులోనో పుట్టాయని, మనం దిగుమతి చేసుకున్నామని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54లో నృత్తరత్నావళి రాశాడు. అందులో శాస్త్రీయ మార్గంతో పాటు దేశి నృత్యాలకి కూడా లక్షణాలు చెప్పాడు. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో రాగాల పేర్లు, వీణల పేర్లు జాబితాలు జాబితాలుగా ఉంటాయి. 14వ శతాబ్దంలో రాచకొండ నేలిన సింగభూపాలుడు, శార్ఙ్గదేవుడి సంగీత రత్నాకరానికి సంగీత సుధాకరం అనే వ్యాఖ్యానం రాశాడు. సంగీత శాస్త్రానికి బైబిల్ లాంటి పుస్తకానికి డాక్యుమెంటేషన్ రాసిన రాజు మన తెలంగాణ వాడన్నమాట. మా బడిలో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు.

ఇక మేళం సంగతి. రామామాత్యుడు విజయనగరంలో అళియ రామరాయల ఆదరణలో ఉంటూ 1550లో స్వరమేళకళానిధి రాశాడు. అప్పటికి వాడుకలో ఉన్న రాగాలని, అవి వాడుకునే స్వరాలని బట్టి 20 మేళాలుగా సర్దాడు. అంటే ముందు రాగాలున్నాయి, ఫోల్డర్లు తర్వాత వచ్చాయి. వందేళ్ళ తర్వాత తంజావూరులో, తెలుగు నాయకరాజు విజయరాఘవుడి కొలువులో వేంకటమఖి దీన్ని తిరగేశాడు. ఉన్న రాగాలని సర్దడం కాదు, అసలు ఎన్ని మేళాలు సాధ్యమో లెక్కకట్టాడు. చతుర్దండి ప్రకాశికలో వచ్చిన జవాబే 72.

లెక్క మనవాళ్ళకి చాలా తేలిక. స, ప కదలవు. స తర్వాత, మధ్యమానికి ముందు నాలుగు స్థానాలున్నాయి. వాటిలో రెండు ఎంచుకోవాలి, రి ఒకటి గ ఒకటి. నాలుగులో రెండు అంటే 6 రకాలు. పైన ద, ని లకి ఇంకో 6. మధ్యమం 2 రకాలు. 6 × 6 × 2 = 72. ఒకే స్థానానికి రెండు పేర్లు కూడా ఉంటాయి. చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం ఒకే మెట్టు. ఒకే మెమరీకి రెండు పాయింటర్లు :)

నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. 72 లెక్క కట్టిన వేంకటమఖే, వాటిలో అప్పటికి వాడుకలో ఉన్నవి 19 మాత్రమే అని రాశాడు. మిగతావి ముందుముందు పనికొస్తాయని స్లాట్లు ఖాళీగా వదిలాడు. మన మేనేజర్లయితే "ఓవర్ ఇంజనీరింగ్" అని రివ్యూలో కొట్టేసేవాళ్ళు. తర్వాత తరాల వాగ్గేయకారులు, ముఖ్యంగా త్యాగరాజు, అలాంటి వాటిలో కీర్తనలు కట్టి ఆ గళ్ళకి ప్రాణం పోశారు.

నేడు పిల్లలు చదివే కనకాంగి, రత్నాంగి పేర్ల వరస గోవిందుడి సంగ్రహ చూడామణి సంప్రదాయం. పేరులోనే నంబరు దాగుంది, కటపయాది పద్ధతిలో. మొదటి రెండు అక్షరాలకి అంకెలు రాసి తిరగేయాలి. ధీరశంకరాభరణం: ధ 9, ర 2, తిరగేస్తే 29. ఆ 29లోంచి ఒకటి తీసేస్తే 28. అది 36 కంటే తక్కువ, కాబట్టి శుద్ధ మధ్యమం. 28ని 6తో భాగిస్తే భాగఫలం 4, శేషం 4. సున్నా నుంచి లెక్కపెడితే నాలుగో జత రి-గలు, నాలుగో జత ద-నిలు. అంటే చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. కీబోర్డు మీద సి నుంచి మొదలెట్టి వరసగా తెల్లమెట్లు నొక్కండి, అదే. హిందుస్తానీ వాళ్ళు బిలావల్ అంటారు. భాత్‌ఖండే 1904లో దక్షిణాదికి వచ్చి, ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితార్‌ని కలిసి, వేంకటమఖి పద్ధతి చూసి వెళ్ళాడు. తర్వాత ఆయన పెట్టిన పది థాట్‌లకి ఈ మేళాలతో బాగానే చుట్టరికం ఉంది. కాబట్టి మా గుడిలో "కాలీ దో" పెద్దాయనకీ, "రెండున్నర" అత్తయ్యగారికీ నిజానికి పెద్ద దూరం లేదు.

అదే 1904లో, అదే ఎట్టయపురంలో, సుబ్బరామ దీక్షితార్ సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చయింది. దాదాపు 1700 పేజీలు. తమిళదేశంలో, తమిళుడు రాసిన పుస్తకం, భాష మాత్రం తెలుగు! అందులో గమకాలకి వాడిన మాటలు చూడండి. కంపితం, స్ఫురితం లాంటి సంస్కృతం పక్కనే నొక్కు, జారు, ఒరిక, ఒదుగింపు, ఖండింపు అని మన ఇంటి మాటలు. జారులో మళ్ళీ ఎక్కుజారు, దిగుజారు. ఒక్కోదానికి అచ్చులో ఒక్కో గుర్తు. వీణ మీద తీగని ఏం చేస్తున్నామో అదే పేరు. "జారు" అంటే మూడో క్లాసు పిల్లకి కూడా వివరించక్కర్లేదు. మనవాళ్ళు మాత్రం కీబోర్డు పక్కన చక్రాన్ని తిప్పుతూ "పిచ్ బెండ్" అంటారు. సంగీతానికి తెలుగులో సాంకేతిక పదాలు లేవని వాదించే పెద్దమనుషులకి ఈ పుస్తకం ఒక్కసారి చూపించాలని నా కోరిక.

ఆ నోట్‌బుక్కులో అస్సలు కనపడని మాటలు ఇంకొన్ని ఉన్నాయి. మా వైపు బోనాలకీ, పెళ్ళిళ్ళకీ, చావులకీ డప్పు మోగాల్సిందే. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. వాయించే ముందు గడ్డిమంట పెట్టి తోలు కాస్తారు. అది శ్రుతి చేసుకోవడమే కదా! చల్లబడితే నాదం దిగిపోతుంది, మళ్ళీ కాస్తారు. దెబ్బల లెక్క తప్పదు, సందర్భాన్ని బట్టి దరువు మారుతుంది. ఆ దరువు అనే మాట యక్షగానంలో పాటకి పేరు, సంస్కృతం "ధ్రువ" నుంచి వచ్చిందని పండితులు చెప్తారు. సూళాది సప్త తాళాల్లో మొదటిది కూడా ధ్రువ తాళమే. ధ్రువ నోట్‌బుక్కులో ఉంది, దరువు లేదు. ఎందుకు లేదో కులం సంగతి తెలిసిన ఎవరికైనా తెలుసు. జాయప సేనాని దేశిని వదిలిపెట్టలేదు, 770 ఏళ్ళ తర్వాత సిలబస్ రాసేవాళ్ళు వదిలేశారు.

మీ పిల్లల నోట్‌బుక్కులో "లయ" నిర్వచనం కింద నాలుగు గీతలు ఖాళీ ఉంటే సిర్ర, సిటికెన పుల్ల, దరువు, జారు అని రాయించండి. టీచరుగారు అడిగితే జారు ఏ పుస్తకంలో ఉందో చెప్పొచ్చు, 1904 నాటిది. మిగతా మూడింటికీ డప్పు కొట్టే ఆయన్నే అడగాలి.