పడిపోయినవారికి ముందు కావలసింది ధైర్యమా, కృపా?

పేతురు ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఒక్క పేతురు కాక, ఒక పట్టణపు సంఘంలో అత్యధికులు కొద్ది రోజుల్లోనే అలా బొంకితే ఏం చేయాలి? మరుసటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరకు ఎవరిని రానివ్వాలి, ఎవరిని ఆపాలి? క్రీ.శ. 250లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ సంఘానికి ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. ఈనాటి ట్యునీషియా దేశంలో ఉన్న ఆ పట్టణపు విశ్వాసులు దీనికి జవాబు వెదకడానికి రెండు మూడేళ్లు పట్టింది. ఆ వెదుకులాటలో వారి బిషప్ సిప్రియన్ తన అభిప్రాయాన్నే మార్చుకోవలసి వచ్చింది. పడి లేచిన విశ్వాసి గురించి మాట్లాడేటప్పుడు మనం పేతురు దగ్గర మొదలుపెట్టి పేతురు దగ్గరే ఆగిపోతాం గనుక ఈ సంఘం కథ కూడా తెలుసుకోవడం మంచిది.

249లో రోమా చక్రవర్తి అయిన డెసియస్ సామ్రాజ్యమంతటికీ ఒక ఆజ్ఞ పంపాడు. ప్రతి ఒక్కరూ దేవతలకు బలి అర్పించాలి, ద్రాక్షారసం పోయాలి, బలి మాంసం రుచి చూడాలి, ఆ పని చేసినట్లు అధికారుల ఎదుట ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ పత్రాలు నలభైకి పైగా ఐగుప్తు ఇసుకలో దొరికాయి. 250 జూన్ 26 నాటి ఒకదానిలో 72 ఏళ్ల వృద్ధుడు తన ఊరి పేరు, కుడి కనుబొమ్మ మీద ఉన్న మచ్చ చెప్పుకుని, నేను ఎప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ కళ్లెదుట కూడా అర్పించాను, దయచేసి సంతకం చేయండి అని విన్నవించుకున్నాడు. మన తహసీల్దారు కార్యాలయంలో పెట్టుకునే అర్జీలాగే ఉంటుంది. క్రీస్తును దూషించమని ఆ ఆజ్ఞ ఎవరినీ అడగలేదు. ఒక చిటికెడు సాంబ్రాణి, ఒక ముద్ద మాంసం, ఒక కాగితం. అంతే అడిగింది.

కార్తేజ్ విశ్వాసులు చాలాకాలంగా పెద్ద హింస ఎరుగరు. సంఘం బాగా పెరిగింది. కొందరు బిషప్పులు మందను విడిచి లాభసాటి సంతల కోసం ఊళ్లు తిరుగుతున్నారని సిప్రియనే తరువాత రాశాడు. ఆజ్ఞ వచ్చిన రోజు జరిగినదాన్ని కూడా ఆయన దాచలేదు. ఎవరూ ఈడ్చుకు వెళ్లకముందే విశ్వాసులు పట్టణ చావడికి పరుగెత్తారు. పొద్దుగూకింది, రేపు రండి అని అధికారులు పంపేయబోతే, ఇవాళే కానివ్వండి అని బతిమాలుకున్నవారున్నారు. బలికి తమ జంతువును తామే తోలుకు వెళ్లినవారున్నారు. చంకన ఉన్న పసిపిల్లల చేత కూడా ఆ పని చేయించారు. ఆ పుస్తకం చదివినవారికి కోపంకన్నా ముందు ఆయన దుఃఖమే తగులుతుంది.

అందరూ ఒకే విధంగా పడలేదు. కొందరు బలి ఇచ్చారు. కొందరు సాంబ్రాణి మాత్రం వేశారు. ఇంకొందరు గుమాస్తాకు లంచమిచ్చి, బలి ఇవ్వకుండానే ధ్రువపత్రం కొనుక్కున్నారు. నా చేతులు అపవిత్రం కాలేదు కదా అని వీరి వాదన. ఈ మూడో రకంవారి మీద రాయి వేయడానికి మన ప్రాంతపు సంఘాలు కాస్త జంకాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తరువాత, క్రైస్తవులుగా నమోదైతే ఎస్సీ హోదా పోతుందన్న భయంతో కాగితం మీద ఒక మతం, సంఘ రిజిస్టరులో ఒక పేరు మోస్తున్న కుటుంబాలు మన మధ్య ఉన్నాయి. ఆ రెండూ ఒకటే అని నేను అనడం లేదు. కాని కాగితం మనిషిని ఎంతగా నలిపేయగలదో తెలిసినవారు కార్తేజ్ వారిని చూసి తొందరపడి నవ్వరు.

ఇక సిప్రియన్ సంగతి. హింస మొదలవగానే ఆయన అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. రోమ్ బిషప్ ఫేబియన్ 250 జనవరి 20న ప్రాణమిచ్చాడు. కార్తేజ్ బిషప్ మాత్రం కనబడలేదు. గొర్రెలను విడిచి పారిపోయే జీతగాడి మాట గుర్తుచేస్తూ రోమ్ నుండి ఎత్తిపొడుపు ఉత్తరం వచ్చింది. నేను పారిపోలేదు, దూరం నుండే మందను కాస్తున్నాను అని ఆయన సమాధానం. ఒక పట్టణంలో హింసిస్తే మరొక పట్టణానికి వెళ్లమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 10:23) ఆయన వాదనకు ఆధారం. అది పిరికితనమా, వివేకమా అని అప్పటినుండీ వాదన నడుస్తూనే ఉంది. నా మట్టుకు నేను ఆ ఉత్తరాలు చూసి అది వివేకమే అనుకుంటాను. కాని పడిపోయినవారికి షరతులు పెట్టవలసిన మనిషి తానే దాక్కుని ఉండడం ఆయన మాట బరువు తగ్గించిందన్నది నిజం.

ఆ ఖాళీలోకి చెరసాల సాక్షులు వచ్చారు. చిత్రహింసలకు లొంగక జైలులో ఉన్న విశ్వాసులంటే సంఘానికి ఎంతో గౌరవం. పడిపోయినవారు జైలు గుమ్మం దగ్గరకు వెళ్లి, మమ్మల్ని బల్లకు చేర్చుకోమని ఉత్తరం రాసివ్వండి అని వేడుకునేవారు. మొదట్లో మనిషిని చూసి, కన్నీళ్లు చూసి రాసేవారు. రాను రాను ఫలానా ఆయనను తన వారితో సహా చేర్చుకోండి అని రాయసాగారు. ఆ తన వారు ఇరవై మందో ముప్పై మందో ఎవరికి తెలుసు? రోజుకు వేలకొద్దీ ఉత్తరాలు వెళ్తున్నాయని సిప్రియన్ వాపోయాడు. సిఫారసు ఉత్తరంతో పాపక్షమాపణ అన్నమాట.

ఆ ఉత్తరాల కట్టలో ఒకటి మాత్రం కంట తడి పెట్టిస్తుంది. సెలెరినస్ అనే యువకుడు రోమ్‌లో చక్రవర్తి ఎదుటే నిలబడి హింసలు భరించినవాడు. అతని తోబుట్టువులు ఇద్దరు అక్కడే పడిపోయారు. ఒకామె బలి ఇచ్చింది. ఇంకొకామె లంచమిచ్చి తప్పించుకుంది. అతడు పస్కా పండుగ దినాల్లో కూడా రాత్రింబగళ్లు ఏడుస్తూ, కార్తేజ్ జైలులో ఉన్న మిత్రుడు లూషియన్‌కు ఉత్తరం రాశాడు. ఆ స్త్రీలు ఏం చేస్తున్నారో అందులో ఉంది. కార్తేజ్ నుండి హింసకు తప్పించుకుని ఓడల్లో వచ్చిన విశ్వాసులకు వారు రేవుదాకా ఎదురువెళ్లి, పట్టణంలోకి తీసుకువచ్చి, 65 మందికి పరిచర్య చేస్తున్నారు. బల్లకు దూరమైన చేతులతోనే ఆ పని. గెలిచిన తమ్ముడు ఓడిన తోబుట్టువుల కోసం వేడుకోవడం చూసినప్పుడు, మన సంఘాల్లో గెలిచినవారు ఓడినవారి గురించి మాట్లాడే తీరు గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

సిప్రియన్ మొదటి జవాబు కఠినమైనదే. ఆగండి, హింస చల్లారాక సంఘమంతా కూర్చుని తేలుద్దాం, ఈలోగా మరణపడక మీద ఉన్నవారిని మాత్రం చేర్చుకుందాం అన్నాడు. అంతవరకు ఆగలేనివారికి ఇంకో మాట కూడా చెప్పాడు. యుద్ధం ఇంకా సాగుతూనే ఉంది, తొందరపడేవారు మళ్లీ రంగంలోకి దిగి క్రీస్తును ఒప్పుకోవచ్చు, అప్పుడు చేర్చుకోవడమే కాదు కిరీటమే దొరుకుతుంది అని ఆయన భావం. ముందు ధైర్యం చూపించు, తరువాత కృప అన్నట్లు.

ఆ దారిలో నడిచినవారు నిజంగానే ఉన్నారు. కాల్డోనియస్ అనే బిషప్ ఆయనకు రాసిన చిన్న ఉత్తరంలో ఫెలిక్స్, ఆయన భార్య విక్టోరియా, లూషియస్ అనే వారి పేర్లున్నాయి. ముందు బలి ఇచ్చినవారే రెండోసారి నిలబడి, ఆస్తి పోగొట్టుకుని దేశబహిష్కారానికి వెళ్లారు. అదే ఉత్తరంలో బోనా అనే ఆమె ఉంది. భర్తే ఆమెను ఈడ్చుకు వెళ్లాడు. ఆమె చేతులు పట్టుకుని బలి ఇప్పించారు. ఇది నేను చేయలేదు, మీరే చేశారు అని ఆమె కేకలు వేసింది. ఆమెనూ వెళ్లగొట్టారు. అంతకుముందు కాలపు కాస్టస్, ఎమీలియస్ అనే ఇద్దరి గురించి సిప్రియన్ తన పుస్తకంలో చెప్పాడు. మొదటిసారి మంటల బాధకు లొంగిపోయినవారు రెండోసారి ఆ మంటలకే లొంగకుండా నిలిచారు. వారి మొదటి ఓటమిని ఆయన దాచలేదు, దానికి వారిని ఎగతాళీ చేయలేదు. ఒళ్లు తాళలేకపోయింది గాని మనసు లొంగలేదన్నట్లు మాట్లాడాడు.

251 వసంతంలో సిప్రియన్ తిరిగి వచ్చాక బిషప్పులు సభ చేసి ఒక పద్ధతి పెట్టారు. కాగితం కొన్నవారిని ఒక్కొక్కరినీ విచారించి చేర్చుకోవచ్చు. బలి ఇచ్చినవారు దీర్ఘకాలం పశ్చాత్తాపంలో ఉండాలి, మరణ సమయానికి బల్లలో పాలు ఇవ్వాలి. ఇది అందరికీ నచ్చలేదు. రోమ్‌లో నొవేషియన్ అనే పండితుడైన పెద్ద, బలి ఇచ్చినవారిని సంఘం ఎన్నడూ చేర్చుకోకూడదని, వారిని దేవునికే విడిచిపెట్టాలని పట్టుబట్టి, బిషప్ కొర్నేలియస్‌కు పోటీగా తానూ బిషప్ అయ్యాడు. ఆయన వేరు చేసిన పవిత్ర సంఘం కొన్ని శతాబ్దాలు నిలిచింది. నొవేషియన్ దుర్మార్గుడు కాడు. పరిశుద్ధత మీద ఆయన ఆసక్తి నిజమైనదే. కాని పడినవాడిని ఏడుస్తూ ఉండమని చెప్పి, ఎంత ఏడ్చినా తలుపు తెరవనని కూడా చెప్పాడు. తలుపు తెరుచుకోదని తెలిశాక ఎవడు ఏడుస్తాడు, తిరిగి లోకంలోకి పోతాడు గాని? సిప్రియన్ ఆయనకు వ్యతిరేకంగా వేసిన ప్రశ్న దాదాపు ఇదే.

అసలు మలుపు 252, 253 ప్రాంతంలో వచ్చింది. గల్లస్ చక్రవర్తి కాలంలో మళ్లీ హింస రాబోతుందన్న భయం పట్టుకుంది. నలభై మందికి పైగా బిషప్పులు కార్తేజ్‌లో కూడి తమ నిర్ణయాన్ని తామే మార్చుకున్నారు. పశ్చాత్తాపంలో కొనసాగుతున్న వారందరినీ, బలి ఇచ్చినవారితో సహా, మరణపడక దాకా ఆగకుండా ఇప్పుడే చేర్చుకుందాం అన్నారు. కొర్నేలియస్‌కు రాసిన ఉత్తరంలో దానికి కారణం చెప్పారు. క్రీస్తు రక్తపు పాత్రను ఇవ్వకుండా, క్రీస్తు కోసం మీ రక్తం చిందించండి అని వారిని ఎలా అడుగుతాం? ఆయుధాలు లేకుండా యుద్ధానికి ఎలా పంపుతాం? బలపరచబడనివాడు నిలబడలేడు గదా అని వారి తర్కం.

రెండేళ్ల క్రితం ఇదే సిప్రియన్, ముందు నిలబడండి, తరువాత పాత్ర ఇస్తాం అన్నాడు. ఇప్పుడు, ముందు పాత్ర ఇద్దాం, అప్పుడు నిలబడతారు అంటున్నాడు. వరుస తిరగబడింది. హింస తగ్గింది గనుక సడలించలేదు. హింస మళ్లీ వస్తుందనే సడలించారు. పశ్చాత్తాపం అక్కర్లేదని కూడా అనలేదు. సంఘాన్ని పూర్తిగా విడిచి లోకంలోకి పోయినవారికి ఈ తీర్మానం వర్తించదు. వాకిట్లో నిలబడి తలుపు తడుతూనే ఉన్నవారి కోసం అది.

ఈ వరుస కార్తేజ్‌వారు కనిపెట్టింది కాదు. పేతురు బొంకకముందే, అతని నమ్మిక తప్పిపోకుండునట్లు ప్రభువు వేడుకున్నాడు. తిరిగివచ్చాక సహోదరులను స్థిరపరిచే పనిని కూడా అప్పుడే అప్పగించాడు (లూకా 22:31-32). తిబెరియ సముద్రతీరాన ముందు రొట్టె, చేప వడ్డించి, భోజనమయ్యాకే ప్రశ్న వేశాడు (యోహాను 21). నన్ను ఎందుకు ఎరుగనన్నావు అని కాక, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. గొర్రెలను మేపమన్న బాధ్యత ఆ వెంటనే ఇచ్చాడు. పంఫూలియలో మధ్యలో విడిచి వెళ్లిపోయిన మార్కు విషయంలో పౌలుకు ఇంత ఓపిక లేకపోయింది. ఓపిక బర్నబాకు ఉంది. చివరికి పౌలే మార్కును వెంటబెట్టుకు రమ్మని, అతడు పరిచర్యకు ప్రయోజనకరుడని రాశాడు (2 తిమోతి 4:11).

మన సంఘాల్లో ఈ రెండు తప్పులూ కనబడతాయి. పలుకుబడి ఉన్నవాడు పడితే వారం తిరగకుండా ఎవరో ఒక పెద్దమనిషి ఉత్తరమో ఫోనో వస్తుంది, అతడు మళ్లీ వేదిక మీద ఉంటాడు. లేనివాడు పడితే, తాగుడు మానేసి ఏళ్లు దాటినా, అప్పు తీర్చేసినా, చివరి వరుసలోనే కూర్చుంటాడు. బల్లకు రానిస్తారు గాని ప్రార్థన చేయమని ఎవరూ అడగరు, కానుకల పళ్లెం పట్టనివ్వరు. ఇది సంఘ క్రమశిక్షణ అనుకుంటాం. క్రమశిక్షణకు ఒక తేదీ, ఒక ముగింపు, దగ్గరుండి నడిపించే మనిషి ఉండాలి. కార్తేజ్ సభ రెండుసార్లు కూర్చుని ఆలోచించింది. మన సంఘ కమిటీల్లో ఎన్ని, తాము ఆపినవారి పేర్లు మళ్లీ బయటికి తీసి చూస్తాయి?

పడినవారికి కూడా ఒక మాట. కృప ముందు వస్తుందంటే ఏమీ చేయకుండా కూర్చోవచ్చని కాదు. రోమ్ రేవులోని ఆ తోబుట్టువులు ఎవరూ తమను చేర్చుకోకముందే 65 మందికి వండి పెట్టారు. ధైర్యం వచ్చాక వెళ్దాం అనుకుంటే ఆ ఓడలు వచ్చిపోయేవి.

సిప్రియన్ ముగింపు ఇలా జరిగింది. వాలేరియన్ చక్రవర్తి కాలంలో 257లో ఆయనను కురుబిస్ అనే ఊరికి పంపేశారు. 258 సెప్టెంబరు 14న, ఒకప్పుడు దాక్కున్నాడని మాట పడిన ఆ బిషప్ అధిపతి ఎదుట నిలబడి బలి ఇవ్వనని చెప్పాడు. శిక్ష విన్నాక దేవునికి కృతజ్ఞతలు చెల్లించాడు. తలారికి ఇరవై ఐదు బంగారు నాణేలు ఇమ్మని తనవారికి చెప్పాడు. తీర్పు వినగానే అక్కడ గుమిగూడిన విశ్వాసులు, ఆయనతోబాటు మా తలలు కూడా తీయండి అని కేకలు వేశారు. ఆయన మోకరించిన చోట గుడ్డలు పరిచారు. రాత్రి దివిటీలు పట్టుకుని, ప్రార్థనలు చేసుకుంటూ, అందరూ చూస్తుండగానే దేహాన్ని మోసుకెళ్లి పాతిపెట్టారు. ఎనిమిదేళ్ల క్రితం పొద్దుగూకినా ఆగలేక, ఇవాళే కానివ్వండి అని అధికారులను బతిమాలింది ఈ పట్టణమే.