ఎముకలు విఱుచు జ్వరము



డెంగీ జ్వరము నిన్న మొన్న పుట్టిన వింతరోగమని మన పల్లెలలో ననేకులు తలచుచున్నారు. అది సరికాదు. 1780వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమునం దొక జ్వరము వ్యాపింపగా, బెంజమిన్ రష్ అను వైద్యుడు దాని లక్షణములను వ్రాసిపెట్టెను. తల, నడుము, కీళ్లు పగిలిపోవునట్టి నొప్పులుండుటచే నచ్చటి జనులు దానిని ఎముకలు విఱుచు జ్వరమనిరి. డెంగీ యను పేరు తరువాతిది. అది ఆఫ్రికా తూర్పుతీరపు స్వాహిలీ భాషలో పుట్టి, స్పానిషువారి నోట మాఱినదని కొందఱు పండితుల యూహ.

1824లో రంగూనునందును, కలకత్తాయందును ఇట్టి జ్వరమే చెలరేగెను. అయితే ఆ పాతవ్రాతలు చదువువారు జాగరూకులై యుండవలెను. 2005-06లో తెలుగునాట ఇంటింట జనులను వంచి కూర్చుండబెట్టిన చికన్‌గున్యాను మీరెఱుగుదురు గదా! అది వేఱు రోగమని 1952 తరువాత గాని తేలలేదు. కావున పూర్వులు డెంగీ యని వ్రాసినదానిలో నేది డెంగీయో, ఏది చికన్‌గున్యాయో నిర్ణయించుట కష్టము.

ఇక దోమ సంగతి. 1897 ఆగస్టు 20వ తేదిని మన సికిందరాబాదునందు రోనాల్డు రాసు దొర మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొనెను. ఈ రహస్యమును సుశ్రుతుడే చెప్పెనని కొందఱు సభలలో వాదింతురు. సుశ్రుతసంహిత కల్పస్థానమున మశకములైదు విధములని యున్నమాట నిజమే. వానిలో పార్వతీయ మశకపు కాటు ప్రాణహరములగు కీటకముల కాటువంటిదనియు కలదు. కాని యది కాటు విషమును గూర్చిన మాట. ఒకని రోగమును దోమ మఱియొకనికి చేర్చునని యచ్చట లేదు. లేని యర్థమును లాగుట శాస్త్రమునకు గౌరవము కాదు.

డెంగీ విషయమున నీ నిరూపణమునకు పూనుకొన్నవాడు ఆస్ట్రేలియా వైద్యుడగు బాన్‌క్రాఫ్టు. రోగిని కఱచిన దోమలచే నారోగ్యవంతులను కఱపించి, వారికి జ్వరము వచ్చుట చూచి 1906లో ప్రకటించెను. మఱుసటి యేట మనిలాలో ఆష్‌బర్ను, క్రెయిగు అను సైనికవైద్యులు రోగి నెత్తురును మిక్కిలి సన్నని వడపోతగుండ వడకట్టి యారోగ్యవంతుల కెక్కించిరి. అయినను జ్వరము వచ్చెను. అనగా రోగబీజము సామాన్యక్రిములకంటె నెంతయో చిన్నదన్నమాట. వైద్యుల పేళ్లు గ్రంథముల కెక్కినవి. ఒడలప్పగించి యా నొప్పులు పడినవారి పేళ్లు మన మెవ్వరమును తలపము. నా దృష్టిలో నీ చరిత్రయందు వారిది చిన్న పాలు కాదు.

1943లో జపానువారగు హొట్టా, కిమురాలు ఆ వైరసును వేఱుచేసిరి. పిమ్మట నది నాలుగు తెగలని తెలిసెను. ఒక తెగచే జ్వరపడి లేచినవానికి వేఱొక తెగ సోకినచో ప్రమాదము హెచ్చు. జ్వరము దిగిన వెనుకనే కడుపునొప్పి, వాంతులు, రక్తస్రావము కానవచ్చుట కలదు. జ్వరము విడిచినది గదా యని యప్పుడు ఆసుపత్రికి పోక తాత్సారము చేసిన యిండ్లలోనే దుఃఖము మిగులుచున్నది.

ఈ దోమ నల్లనిది. కాళ్లపై తెల్లని పట్టెలుండును. పగటిపూట కఱచును. మురుగుకాలువ దీని కక్కఱలేదు. మన యింటి గాబు, తొట్టి, పెరటిలోని కొబ్బరిచిప్ప, పాతటైరు చాలును. గ్రుడ్డు దోమ యగుటకు వారము పదిదినములు పట్టును. అందుచే వారమున కొకమాఱు గాబునీరు పాఱబోయుడని చెప్పుదురు. పాఱబోసిన మాత్రమున చాలదు, లోపలి గోడలను పీచుతో గట్టిగా తోమవలెను. ఏలయన గ్రుడ్లు నీటిమట్టమునకు పైగా గోడ నంటుకొని యుండి, ఎండినను నెలలకొలది చావక, మరల నీరు తగిలినప్పుడు పిల్లలగును.