టాంపా కాలువలో మన నాచు

గరాటు కింద హైడ్రిల్లా రెమ్మ, దాని మీద బోర్లించిన పరీక్షనాళిక, ఎండ తగలగానే పైకి లేచే బుడగలు. తెలుగునాట బడికెళ్లిన చాలామందికి ఈ మొక్క కిరణజన్య సంయోగక్రియ పాఠంలోనే పరిచయం. మన చెరువుల్లో పెరిగే ఈ నాచుకు సన్నటి కాడ, కణుపు కణుపుకూ చుట్టూ పేర్చినట్టు ఆకులు, ఆకు అంచున రంపపు పళ్లు. చేత్తో దూస్తే గరుకుగా తగులుతుంది.

సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా వెళ్లాక వెలువడిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ రెండో సంపుటంలో దీని బొమ్మ వేయించాడు. ఇప్పటి శాస్త్రీయ నామం 1839లో జాన్ ఫోర్బ్స్ రాయల్ పెట్టింది.

ఉత్తరాదిన ఖండసారి చక్కెర చేసేవాళ్లకు ఇదే ఆధారం. ముడి చక్కెర మీద తడి నాచు పరిచేవారు. అందులోని నీరు బొట్టుబొట్టుగా దిగుతూ మడ్డిని కిందికి తీసుకుపోయేది. తెల్లబడిన పైపొరను గీకి తీసి, మళ్లీ కొత్త నాచు కప్పేవారు.

1950ల మొదట్లో ఇది అక్వేరియం మొక్కగా సిలోన్ నుంచి ఫ్లోరిడాలోని టాంపాకు చేరింది. సరుకు నచ్చక కాలువలో పారేస్తే, కొన్ని నెలలకే అక్కడ గుబురుగా అల్లుకుంది. 1960 నాటికి మయామీ కాలువలోనూ, క్రిస్టల్ నదిలోనూ కనిపించింది. ఫ్లోరిడాను కమ్మేసిన రకంలో అన్నీ ఆడ మొక్కలే. విత్తనంతో పనిలేదు, కణుపున్న ముక్క ఒక్కటి తెగిపడితే చాలు, మరో మొక్క లేస్తుంది. పైన కోసేసినా బురదలోని దుంపలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పడవలకు దారి లేకుండా పోయింది.

ఆ రకం బెంగళూరు ప్రాంతపు నమూనాకు దగ్గరి బంధువని 1990లలో జన్యు పరీక్షలు చెప్పాయి. విరుగుడూ మన దేశం నుంచే వెళ్లింది: దీని ఆకుల్ని తొలిచే చిన్న ఈగను 1987లో అక్కడ వదిలారు. ఈగ నిలదొక్కుకుంది గానీ, నాచు పూర్తిగా లొంగలేదు.

అమెరికాకు మన నాచు ఎలాగో, మనకు గుర్రపుడెక్క అలాగే. పువ్వు అందానికి మురిసి దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్నది, ఇవాళ డెల్టా కాలువల్ని కప్పేస్తోంది. రెండుచోట్లా తప్పు మొక్కది కాదు, దాన్ని తెచ్చి నీళ్లలో వదిలిన మనుషులది. అక్వేరియం శుభ్రం చేసేటప్పుడు తీసిన మొక్కల్ని చెరువులోనో కాలువలోనో పారేయకండి. ఎండలో పూర్తిగా ఎండబెట్టి, ఆ తర్వాతే చెత్తలో వేయండి. ఒక్క కణుపు చాలని టాంపా కాలువ ఎప్పుడో రుజువు చేసింది.