తెలియక మోసినా తప్పని భారం

అపరిచితులకు బ్యాంకు ఖాతా అప్పగిస్తే కేసుల చిక్కులు

రేణిగుంట: పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్‌ ఇస్తే నెలనెలా కొంత ముట్టజెబుతామని ఆశ చూపేవారు నిజానికి అద్దెకు తీసుకుంటున్నది ఖాతాదారు పేరునే. కొల్లగొట్టిన సొమ్ము ఆ పేరు మీదుగా సాగిపోతుంది.

ఇలాంటి వాటిని పోలీసులు, బ్యాంకులు ‘మ్యూల్‌ ఖాతాలు’గా వ్యవహరిస్తున్నారు. మ్యూల్‌ అంటే కంచరగాడిద. మూటలో ఏముందో దానికి తెలియదు, మోయడమే దాని పని. రేణిగుంట జంక్షన్‌లో ప్రయాణికులు రైళ్లు మారినట్లు, దోచిన సొమ్ము నిమిషాల వ్యవధిలో పలు ఖాతాలు మారి, చివరకు నగదుగానో క్రిప్టో కరెన్సీగానో చేయి దాటిపోతుంది. సూత్రధారి ఏ విదేశంలోనో ఉంటాడు. పోలీసులకు ముందుగా దొరికేది ఖాతాదారు చిరునామాయే.

హైదరాబాద్‌లో 2024 ఆగస్టులో వెలుగుచూసిన ఉదంతమే ఇందుకు నిదర్శనం. శంషీర్‌గంజ్‌లోని ఒక బ్యాంకు శాఖలో తెరిచిన ఆరు ఖాతాల ద్వారా సుమారు రూ.175 కోట్లు చేతులు మారినట్లు తెలంగాణ సైబర్‌ సెక్యూరిటీ బ్యూరో గుర్తించి ఇద్దరిని అరెస్టు చేసింది. కమీషన్‌ ఆశతో పేదల చేత ఖాతాలు తెరిపించినట్లు దర్యాప్తులో తేలింది. దేశవ్యాప్తంగా 8.5 లక్షలకు పైగా మ్యూల్‌ ఖాతాలు ఉన్నట్లు 2025 జూన్‌లో సీబీఐ వెల్లడించింది.

జీతం పడినా చేతికి రాదు

బాధితుడు 1930 నంబరుకు ఫిర్యాదు చేయగానే సొమ్ము వెళ్లిన జాడ వెంట బ్యాంకులు ఖాతాలను నిలిపివేస్తాయి. దాంతో జీతం జమ అయినా తీసుకునే వీలుండదు. పారిశ్రామికవాడలో పనికి వచ్చిన యువకుడికి గది అద్దె మొదలు ఇంటికి పంపే డబ్బు వరకు అన్నీ ఆగిపోతాయి. ఫిర్యాదు ఏ రాష్ట్రంలో నమోదైతే అక్కడి పోలీసుల నుంచి నోటీసు వస్తుంది. గుజరాత్‌కో రాజస్థాన్‌కో వెళ్లి వివరణ ఇచ్చుకోవాల్సి రావచ్చు. పుచ్చుకున్న కమీషన్‌ రైలు చార్జీలకూ చాలదు.

భారతీయ న్యాయ సంహిత 318(4) సెక్షన్‌ కింద ఏడేళ్ల వరకు, ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే అవకాశం ఉంది. మోసపు ఉద్దేశం రుజువైతేనే శిక్ష. అయితే పిన్‌ నంబరుతో సహా కార్డు అప్పగించి, కమీషన్‌ తీసుకున్న వ్యక్తి ‘నాకేమీ తెలియదు’ అంటే నమ్మించడం కష్టం.

పొరపాటున పడిందంటే...

ఖాతాలో గుర్తుతెలియని సొమ్ము జమవుతుంది. పొరపాటున పంపామని, ఫలానా నంబరుకు తిరిగి పంపాలని ఫోన్‌ వస్తుంది. జాలిపడి పంపితే మోసపు గొలుసులో మరో లంకె అయినట్లే. ఆ సొమ్మును ముట్టుకోకుండా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోవాలి. ఇప్పటికే కార్డు, సిమ్‌ ఇచ్చినవారు వెంటనే వాటిని నిలిపివేయించి, పోలీసులకు తెలపాలి. అవతలివారి నంబర్లు, వాట్సాప్‌ సందేశాలు చెరిపివేయరాదు. మోసపోయామని చూపడానికి అవే ఆధారాలు. స్తంభించిన ఖాతా విడుదలకు ముందుగా ఫిర్యాదు సంఖ్య, దర్యాప్తు చేస్తున్న స్టేషన్‌ వివరాలను బ్యాంకు నుంచి తీసుకోవాలి. పోలీసుల వద్ద ఫలితం లేకుంటే నాగరిక్‌ సురక్షా సంహిత 503 సెక్షన్‌ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.