నురుగుపై తేలిన లోహము

బరువైనది నీట మునుగును, తేలికైనది తేలును. ఇది తలక్రిందులైనట్లు కనిపించిన చోటు ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్.

1883లో చార్లెస్ రాస్ప్ అను మేతభూముల కంచె కావలివాడు అచటి ఖనిజమును కనుగొనెను. పైపొరలు తరిగిన కొలదియు సీసము, వెండి, తుత్తునాగము గంధకముతో పెనవేసుకొన్న ముడిఖనిజము బయటపడెను. దానిని పొడిచేసి నీట జాడించి, మిక్కిలి బరువైన సీసపు ఖనిజమును చాలవరకు రాబట్టిరి. తుత్తునాగపు ఖనిజము మాత్రము చుట్టునున్న రాతితో ఇంచుమించు సమానమైన బరువు గలది. అందుచే అది విడివడక రాతితోపాటే చెత్తకుప్పలకు చేరెను. కుప్పలు లక్షల టన్నులకు పెరిగెను. ధనము కంటికెదురుగా నున్నది, చేతికందదు!

విరుగుడు వెదకినవారిలో ఒకడు మెల్బోర్నులో బీరు తయారు చేయు చార్లెస్ పాటర్. నురుగు సంగతి అతనికి క్రొత్త కాదు గదా! 1902 ప్రాంతమున అతడును, బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ కంపెనీ జనరల్ మేనేజరు డెల్‌ప్రాట్‌యును వేర్వేరుగా ఆ పొడిని వేడి ఆమ్లద్రావణములో వేసి చూచిరి. పుట్టిన వాయుబుడగలు గంధక ఖనిజపు రేణువులను పట్టి పైకి తెచ్చెను. రాతిపొడి అడుగున నిలిచెను. కీలకము బరువులో లేదు, రేణువు ఉపరితలమున నున్నది. రాతిరేణువు నీట తడియును. ఖనిజరేణువు తామరాకువలె నీటిని అంటనీయక గాలిబుడగను ఆశ్రయించును. కొద్దిపాటి నూనె ఆ గుణమును పెంచును. 1905లో మినరల్స్ సెపరేషన్ కంపెనీవారు నూటికి ఒక పాలుకన్న తక్కువ నూనెతో, కవ్వముతో చిలికినట్లు గాలిని కలిపి, నురుగు రప్పించిరి.

1886లోనే చికాగోకు చెందిన కేరీ ఎవర్సన్ అను స్త్రీ నూనె, ఆమ్లములతో ఖనిజమును వేరుచేయుటకు పేటెంటు పొందియుండెను. ధనము ఇతరులకు దక్కెను. బుడగపై హక్కు ఎవరిదను వ్యాజ్యము 1916లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పువరకు పోయినది. ఈలోగా బ్రోకెన్ హిల్‌లో పాత కుప్పలను త్రవ్వి, తుత్తునాగమును తీయుచునే యుండిరి.